అభిజ్ఞానవిచారము: శకుంతలకథయుఁ బ్రవాసవిద్యార్థి దాంపత్యమును

శకుంతలోపాఖ్యానము తెనుఁగున రెండు ముఖ్యరూపములఁ బొందినది. నన్నయభట్టారకుఁడు ఆదిపర్వమున వ్యాసుని ననుసరించి చెప్పిన కథ యొకటి. 15వ శతాబ్దమునఁ బిల్లలమఱ్ఱి పినవీరభద్రుఁడు కాళిదాసనాటకమును భారతకథతో మేళవించి రచించిన శృంగారశాకుంతలము మఱియొకటి. నన్నయ కథలో శాపము లేదు, ఉంగరము లేదు. దుష్యంతుఁడు భార్యను ఎఱిఁగియు, లోకాపవాదభీతిచే ఎఱుఁగననును. ఆకాశవాణి పలికిన పిదపనే కైకొనును. కాళిదాసుని మార్గమున రాజు దుర్వాసుని శాపముచే నిజముగనే మఱచును. ముద్రిక కనఁబడినఁగాని స్మృతి కలుగదు. ఈ భేదమును రసదృష్టితో విమర్శించుట పరిపాటి. నాయకుని ఔదాత్త్యమును గాపాడుటకే శాపము కల్పింపఁబడెనని చెప్పుదురు. అది యుక్తమే. కాని యీ కథ సాక్ష్యవిచారము కూడ. దూరముననున్న భర్తకడకుఁ బోఁగోరు భార్య, తాను భార్యనని యెవరికి, దేనితో, ఎట్లు నిరూపింపవలెను? ఈ ప్రశ్న గ్రంథములకుఁ బరిమితమైనది కాదు.

పినవీరభద్రుని యింటిపేరునకు మూలమని స్థానికులు చెప్పుకొను పిల్లలమఱ్ఱి గ్రామము సూర్యాపేట చెంతనే కలదు. కాకతీయుల సామంతులగు రేచెర్లవారినాఁటి శివాలయములు అందు నేఁటికిని నిలిచియున్నవి. ఆ సూర్యాపేటనుండియు, హైదరాబాదు విజయవాడల నడిమి రహదారిపై దానికి ఆవలనున్న కోదాడనుండియు, వరిమిల్లులకుఁ బేరొందిన మిర్యాలగూడనుండియు యువతీయువకులు ఉన్నతవిద్యకై సముద్రములు దాఁటి పోవుచున్నారు. సెలవులలో వచ్చి పెండ్లాడి, కొన్ని వారములకే తిరిగి పోవువారు కలరు. పెండ్లియైన వెంటనే చదువునకై పోవువారును గలరు. అట్టివారి వెనుక నిలిచిన భార్య, లేక భర్త, శకుంతల యడిగిన ద్వారముకడనే నిలుచుచున్నారు.

ఈ స్థితికి అలంకారశాస్త్రమున స్థానమేది? భర్త కార్యవశమున దేశాంతరగతుఁడైన నాయిక ప్రోషితభర్తృక. ధనంజయుఁడు దశరూపకమున ప్రవాసవిప్రలంభమునకు మూఁడు హేతువులు చెప్పినాఁడు: కార్యము, సంభ్రమము, శాపము. విద్యకై పోవుట కార్యమే. కార్యజప్రవాసము బుద్ధిపూర్వకమైనది, కార్యము ముగియుటతో విరహము ముగియును. కాని నేఁటి విరహము అట్లు ముగియుట లేదు. ప్రయాణవ్యయమున్నది, నివాసమున్నది, ఇరువురికిని ఇచ్ఛయున్నది. అయినను అనుజ్ఞ లేదు. కార్యజముగ మొదలైన ప్రవాసము నడుమ శాపజముగ మాఱుచున్నది. మేఘసందేశమున యక్షునిఁ బ్రియనుండి వేఱుచేసినది కూడ యజమానుని యాజ్ఞయే. ఐనను ఆ శాపమునకు ఒక సంవత్సరమని గడువు కలదు. గడువు తెలిసిన విరహమునకును తెలియని విరహమునకును భేదము గొప్పది.

అష్టవిధనాయికావిభాగమునకు మఱియొక చిక్కు కలదు. పోవువాఁడు పురుషుఁడు, నిలుచునది స్త్రీ యని యా విభాగము తలంచినది. నేఁడు మిర్యాలగూడ యువతి విదేశమునఁ జదువుచుండఁగా ఇంట నిలిచి యనుజ్ఞాపత్రమునకై ఎదురుచూచు భర్తయుఁ గలఁడు. వానికి ఆ యెనిమిదింటిలోఁ బేరు లేదు. లక్షణము లక్ష్యమును వెంబడింపవలసినదే కాన, ఈ కొఱఁత లక్ష్యమునకుఁ గాదు, లక్షణమునకే.

ఇఁక సాక్ష్యవిషయము. శకుంతల వివాహము గాంధర్వము. తండ్రి యింట లేఁడు, పురోహితుఁడు లేఁడు. అందుచే రాజసభలో ఆమెకు మిగిలినది ఒక్క యుంగరము; అదియును శచీతీర్థమున జాఱిపోయినది. నేఁటి తెలుఁగు పెండ్లికి బంధువులు వందలకొలఁది సాక్షులు. అయినను విదేశాధికారికి వారిలో నొక్కఁడైనఁ గనఁబడఁడు. ఉమ్మడి రాష్ట్రమున 2002లో నిర్బంధవివాహనమోదు చట్టము వచ్చినది. 2006లో సర్వోన్నతన్యాయస్థానము, ఏ మతమువారి వివాహమైనను నమోదు కావలెనని రాష్ట్రములను ఆదేశించినది. ఆ నమోదుపత్రము, పాస్‌పోర్టు, విద్యాలయము భార్యాభర్తలలో రెండవవారి పేర వేఱుగ నిచ్చు ఐ–20 పత్రము, ఇరువురి పోషణకుఁ జాలు ధనమున్నదను బ్యాంకుపత్రము: అమెరికాకుఁ బోఁగోరు వారికి ఇవియే నేఁటి ముద్రికలు. 2008లో బేగంపేట పైగా ప్యాలెసున నేర్పడి 2023లో నానక్‌రామ్‌గూడకు మాఱిన అమెరికా కాన్సులేటు వారికి హస్తినాపురము.

ఇట్టి నమోదును పాశ్చాత్యాచారమని తేలికగఁ జూచువారు ఐదవ యంకమును మఱలఁ జదువవలెను. సాక్ష్యము లేని ప్రేమ రాజద్వారమున నిస్సహాయమగునని కాళిదాసుఁడే చూపినాఁడు. శార్ఙ్గరవుని కోపమును, గౌతమి వాత్సల్యమును, శకుంతల కన్నీరును ఆ సభలో నొక్క యుంగరమునకు సరిగాలేదు. దుష్యంతునిఁ గేవలము నిందించుటయు న్యాయము కాదు. ఎఱుఁగని స్త్రీని భార్యగ స్వీకరించిన పరదారదోషము, నిజమైన భార్యను ద్రోసిపుచ్చిన దారత్యాగదోషము, ఈ రెంటినడుమ నతఁడు చిక్కినాఁడు. నేఁటి యధికారికిని అట్టి సంశయము నిరాధారము కాదు. పంజాబున ఐ.ఈ.ఎల్.టి.ఎస్. అను ఆంగ్లపరీక్షలో నెగ్గిన కన్యను వెదకి, ఆమె చదువునకు వరునివారు ధనమిచ్చి, దాంపత్యము పేర వరుఁడు విదేశమునకుఁ బోవు వివాహములు ప్రసిద్ధములు. కృత్రిమముద్రికలు ఉన్నచోట ముద్రికను బరీక్షించుట తప్పుగాదు.

అయినను రెండు కథలకును నేఁటి కథకును ఒక మౌలికభేదము కలదు. నన్నయ దుష్యంతునకు సత్యము తెలియును. కాళిదాసుని దుష్యంతునకు మఱపు కలిగినది. ఇరువురియందును భర్తయు నిర్ణేతయు నొక్కఁడే. కావుననే శకుంతల వాక్యములు వాదములై యుండియు హృదయమును దాఁకు శక్తి గలవి. నేఁడు నిర్ణేత వేఱు, భర్త వేఱు. సత్యమెఱిఁగిన భర్త ఎక్కడనో యొక విద్యార్థివసతిలో భార్యపక్షమునే నిలిచియున్నాఁడు. నిర్ణేతకు మఱచుటకైనను గతము లేదు. కొలఁది నిమిషములలో ముగియు ప్రశ్నోత్తరమునఁ బాతివ్రత్యోపన్యాసమునకుఁ దావులేదు. కావున నేఁటి శకుంతలకు వాగ్ధాటి కంటె ముద్రికారక్షణమే ప్రధానము.

ఇక్కడ విమర్శకుఁడు వేఱుపఱుపవలసిన ధర్మములు రెండు గలవు: ముద్రికాధర్మము, శాపధర్మము. ముద్రికాధర్మము సాక్ష్యమడుగును, సాక్ష్యము చూపినవారికి ద్వారము తెఱచును. శాపధర్మము సాక్ష్యమునే చూడదు. ఇంగ్లండునఁ జదువుకొను విదేశీయులు 2024 జనవరి 1నుండి మొదలగు చదువులకు, పరిశోధనప్రధానమైన ఉన్నతవిద్యయుఁ బ్రభుత్వవేతనముతోడి విద్యయుఁ దప్పఁ దక్కినవాని విషయమున, భార్యాభర్తలను వెంటఁ గొనిపోఁజాలరు. వివాహము నిజమా యని యా నియమము ప్రశ్నింపదు. నిజమైనను రాఁగూడదని చెప్పును. ఆ దేశమున గృహములపైనను వైద్యశాలలపైనను భారము తగ్గింపవలెనను వాదము దానికిఁ గలదు. ఏ రాజ్యమైనను తన ద్వారమునకుఁ దాను స్వామి. అది యంగీకరించియు, నవదంపతుల విషయమున నది దుర్వాసుని వాక్యమువంటిదే యనక తప్పదు. దుర్వాసుఁడైనను అనసూయాప్రియంవదల ప్రార్థనచే ముద్రికాదర్శనమును శాపాంతముగ ననుగ్రహించినాఁడు. శాపమును ముద్రికతో ముడివెట్టుటయే కాళిదాసుని ధర్మజ్ఞత.

చేరుటతోఁ గథ ముగియునా? అమెరికాలో విద్యార్థిని ఆశ్రయించి వచ్చిన ఎఫ్–2 భార్యకుఁగాని భర్తకుఁగాని ఉద్యోగము చేయు నధికారము లేదు. పూర్తికాలపుఁ బట్టపుచదువునకును అర్హత లేదు. సూర్యాపేటలో ఇంజనీరుగనో ఉపాధ్యాయినిగనో యున్న స్త్రీ అచ్చట గృహమాత్రపరిమిత యగును. భర్త చెంతనుండుటచే ఆమెను స్వాధీనభర్తృక యని శాస్త్రము పిలుచును. ఆమె స్వాధీనమున నున్నది భర్త మాత్రమే, తన దినము కాదు. సంయోగమును శృంగారపరిపూర్తిగ భావించు లక్షణకర్తలకు ఈ కొఱఁత గోచరింపలేదు. కాళిదాసునకు మాత్రము గోచరించినట్లు తోఁచును. ఆయన శకుంతలను మఱల ఆ రాజసభకుఁ బంపలేదు. భర్తయే హేమకూటమున మారీచాశ్రమమునకు వచ్చి, ఆమె పాదములపైఁ బడి, కుమారునితోఁ గూడ నామెను గైకొనెను. ద్వారము మూసికొన్నచోట మఱల నర్థించుట కంటె మూఁడవచోటఁ గలిసికొనుట గౌరవమని యా కల్పనయందలి ధ్వని.

ఈ మూఁడు పట్టణముల పాఠశాలలలో శకుంతలోపాఖ్యానము బోధించు పండితునియెదుటఁ గూర్చున్నవారిలోఁ గొందఱు ముందు విదేశవిద్యార్థులు కావచ్చును. కొందఱు వారికై వేచి యుండువారు కావచ్చును. అట్టివారికి ఆ కథను శృంగారఘట్టముగ మాత్రమే చెప్పుట చాలదు. నన్నయ శకుంతల సత్యము మహత్త్వము నెఱిఁగించును. కాళిదాసుని శకుంతల సత్యమునకుఁ గూడ సాక్ష్యము కావలెనని తెలుపును. మొదటిది లేని రెండవది కపటము. రెండవది లేని మొదటిది ద్వారముకడఁ గన్నీరు. ఈ రెంటిని గలిపి బోధించుటకుఁ బినవీరభద్రుని మేళనము తగిన యాధారము. ఆయన యింటిపేరు మోయు గ్రామము చెంతనే యా పాఠము మొదలగుట యుచితము.