సంబంధిశబ్దమును నామమును: ‘నేటివ్ స్పీకర్’ నవలావిమర్శనము

చాంగ్-రే లీ 1965 వ సంవత్సరమున కొరియాలోని సియోలు నగరమునఁ బుట్టి, చిన్నతనముననే తల్లిదండ్రులతో నమెరికాఁ జేరి, న్యూయార్కు నగరమునకు ఉత్తరముననున్న వెస్ట్‌చెస్టర్ సీమలోఁ బెరిగిన గ్రంథకర్త. ఆయన తొలినవల ‘నేటివ్ స్పీకర్’ 1995 లో వెలువడినది. ఒక భాషను పుట్టుకతోఁ బలుకువాఁడని యా పేరున కర్థము. కథానాయకుఁడు హెన్రీ పార్కు గూఢచారి యగుటచే దీనిని గూఢచారుని కథగాఁ జదువుట సులభము. పుట్టినదేశము విడిచినవారి పరభాషాక్లేశమునకు దృష్టాంతముగాఁ జదువుటయుఁ గలదు. ఈ రెండును నసత్యములు కావు. కాని గ్రంథమునకుఁ బ్రాణమైన ప్రశ్న వేఱొకటి యని నాకుఁ దోఁచుచున్నది. మనుష్యుని వరుసపెట్టి పిలుచుట మన్ననయా, పేరుపెట్టి పిలుచుట మన్ననయా? వరుస యెప్పుడు వట్టి మాట యగును? ఈ ప్రశ్న వ్యాకరణాధ్యేతలకుఁ గ్రొత్తది గాదు. కావుననే యీ పత్రికాపాఠకుల ముందఱ దీనిని బెట్ట సాహసించుచున్నాను.

మొదటఁ గథకుఁ బూర్వరంగము చెప్పవలెను. 1965 లో నమెరికా ప్రభుత్వము వలసచట్టమును మార్చి, జాతులనుబట్టి విధించిన సంఖ్యానియమములను దొలఁగించెను. ఆపిమ్మటఁ గొరియానుండి పెక్కు కుటుంబములు తరలిపోయినవి. చదువుకొన్నవారు సైతము భాష చాలక, తమ చదువునకుఁ దగిన యుద్యోగములు దొరకక, చిన్నయంగళ్లు పెట్టుకొనిరి. న్యూయార్కు నగరమునఁ బండ్లును కూరగాయలును నమ్ము వ్యాపార మీవిధముగాఁ జాలవఱకు వారి చేతులలోనికి వచ్చెను. హెన్రీ తండ్రియు నిట్టివాఁడే. స్వదేశమున నింజనీరింగు పట్టము గొన్నవాఁడు. పరదేశమున రేయుంబవలు కూరలబుట్టల నడుమఁ గడపి, యొకటివెంట నొకటిగా నంగళ్లు పెంచి, తుదకు ధనికులైన తెల్లవారు నివసించు వెస్ట్‌చెస్టర్ సీమలో విశాలమైన పెరడుగల యిల్లు సంపాదించెను.

హెన్రీకిఁ బదియేండ్ల ప్రాయమునఁ దల్లి కాలధర్మము నొందినది. అంతటఁ దండ్రి యింటిపనికై కొరియానుండి యొక స్త్రీని రప్పించెను. ఆమె వంటింటి వెనుకగదులలో నుండి, వండి వడ్డించి, బట్టలుదికి, బాలునిఁ బెంచెను. తండ్రికిని నామెకును నడుమ నేమి కలదో కొడుకు నిశ్చయముగా నెఱుఁగఁడు. వారామెను బిలిచిన పిలుపు ‘అజుమ్మ’. గ్రంథమంతటను నామెకు మఱియొక పేరు లేదు.

అజుమ్మ యనునది పుట్టుకచే బంధువాచకము. మన పిన్ని, అత్త యను మాటలవంటిది. లోకవ్యవహారమునఁ బరాయియైనను నడివయసు స్త్రీ నెవ్వరినైన నట్లు పిలుతురు. కొరియావారు పెద్దలను బేరుపెట్టి పిలుచుట యమర్యాదగా నెంతురు. బిడ్డలుగల స్త్రీని ‘ఫలానివాని తల్లి’ యని బిడ్డపేరుతోఁ జేర్చి పిలుచుట వారి యాచారము. ఎదుటివాని పెద్దఱికమునుబట్టి వారి భాషలోఁ గ్రియాపదము సైతము రూపము మార్చుకొనును. ‘గారు’ చేర్చక పెద్దలపే రెత్తని మనకు దీనిని విస్తరించి చెప్పఁ బనిలేదు.

హెన్రీ భార్య లీలియా తెల్లజాతి స్త్రీ. మాట సరిగా రాని పిల్లలకు నుచ్చారణము దిద్దుట యామె వృత్తి. ఒక వేసవిలో మామగారి యింటఁ గొంతకాల ముండవలసివచ్చినప్పు డామె యీ పనికత్తెతోఁ జెలిమి చేయఁబోయి భంగపడెను. పిమ్మట నామె పేరేమని భర్త నడిగెను. అతఁడు తెలియదనెను. తల్లివలెఁ బెంచినదాని పేరైన నెఱుఁగవా యని లీలియా కోపించెను. తమ భాషలో నాపేరు సహజముగా నోటికి వచ్చు సందర్భమే కలుగదనియు, నిది భార్యకుఁ దెలియుట దుర్ఘటమనియు హెన్రీ తలపోసెను. నవలలో నింతకన్నఁ బెద్దసంఘటనలు కలవు. బాంబు ప్రేలుట కలదు, రాజకీయనాయకుని పతనము కలదు. ఇంతటి గట్టిఘట్టము మాత్రము మఱియొకటి లేదు.

మొదటి పఠనమున నేను భర్తపక్షమునే వహించితినని యొప్పుకొనుచున్నాను. పే రెఱుఁగుటయే ప్రేమకుఁ బ్రమాణమనుట యొక దేశాచారమును సర్వదేశములకు సూత్రముగాఁ జేయుటయే గదా! పైగా శాస్త్రమును నాకుఁ దోడువచ్చినది. తల్లి, తండ్రి మొదలైనవి సంబంధిశబ్దములని మహాభాష్యకారుఁడు చెప్పియున్నాఁడు. తల్లిని సేవింపవలె ననఁగా, ‘తన’ యని విశేషింపకున్నను, ఎవ్వఁడైనఁ దన తల్లినే గ్రహించును గాని పరుల తల్లిని గ్రహింపఁడు. అనఁగా సంబంధిశబ్దము తన వెంట రెండవవానిని నిత్యముగాఁ దెచ్చును. నామము వస్తువును మాత్రము చూపి విడుచును. సంబంధిశబ్దము పిలుచువానినిఁ గూడఁ గట్టివైచును. కావున అజుమ్మ యని పిలిచిన బాలుఁడు పేరు పలికినవానికన్న నెక్కువయే పలికెననియు, లీలియా కోపము భాషాజ్ఞానలోపమువలనఁ గలిగినదనియు నాఁడు నిశ్చయించుకొంటిని.

రెండవమాఱు చదివినప్పుడు నా నిశ్చయము నిలువలేదు. కారణము మా యింటిలోనే దొరకినది. నా చిన్ననాఁట మా యింట నీళ్లు తోడి గిన్నెలు తోమిన వృద్ధస్త్రీని మేమందఱ మవ్వ యనియే పిలిచితిమి. ఆమెకు మే మిచ్చిన కూలి యెంతయో తలఁచుకొన్నచో నిప్పుడు సిగ్గు కలుగును. ఆ పిలుపుమాత్రమున మేము ధర్మము నెఱవేర్చితిమని చెప్పను. అయినను నామె పేరు నే నెఱుఁగుదును. ఎట్లనఁగా, తెల్లవాఱునప్పటి కామె యక్క వీధిలోనుండి ‘ఓసే సుబ్బీ’ యని కేకవైచెడిది. సంతనాఁడు బాకీ యడుగవచ్చినవాఁడు పేరుతోఁబాటు నింటిపేరునుఁ గూడఁ జదివెడివాఁడు. మాకు నవ్వ, యక్కకు సుబ్బి, బాకీవానికి ఋణస్థురాలు, కొడుకునకుఁ దల్లి. మా యింటిలో వరుస పేరును గప్పినను, వీధి దానిని మరల బయటఁబెట్టుచుండెను. వరుస పిలుపు మన్నన యగుట కీ వీధియే యాధారము. పిలుచువారు పలువు రున్నప్పుడే యొక్కొక్క పిలుపున కర్థము నిలుచును.

వెస్ట్‌చెస్టర్ గృహమున నీ వీధి లేదు. ఇంటి కిల్లు దూరము. కారు లేనివారికిఁ గడప దాఁటుట కష్టము. చుట్టుప్రక్కలవారు పరభాషీయులు. కథకుఁడు మనకు వినిపించిన పిలుపులలో నామెను గొరియాలోని తల్లియో చెల్లెలో పిలిచిన పిలుపు లేదు. అజుమ్మ యను శబ్ద మక్కడ బంధుత్వమునుండి జాఱి, పనికత్తె యను నర్థమున రూఢమైపోయినది. చూచుటకు సంబంధిశబ్దమే; సంబంధి మాత్రము లేదు. సంజ్ఞయు గాదు, ఏలయన నెవ్వరును నామకరణము చేసి పెట్టినది గాదు. లీలియా కొరియాభాష యెఱుఁగదు గాని, యీ శూన్యమును సరిగాఁ గనిపెట్టినది. ఆమె ప్రశ్న మర్యాదకు విరుద్ధమైనను సత్యమునకు విరుద్ధము గాదు.

ఇది యొక్క పనికత్తె సంగతియే యైనచో నింత చెప్పనక్కఱలేదు. ధనిక గ్రామసీమ యజమానునిఁ గూడ నిట్లే చేసెనని గ్రంథకర్త చూపినాఁడు. తండ్రి మొదటియంగడికి మూలధన మెక్కడిది? ‘గ్యే’ యను సమాహారమువలన వచ్చినది. ఇది మన చీటీవంటిది. కొందఱు కూడి నెలనెలయు సొమ్ము వేయుదురు. వంతువచ్చినవాఁ డాసొమ్మంతయు నెత్తుకొనును. పత్రము లేదు, తాకట్టు లేదు. ఒకరి నొక రెఱిఁగియుండుటయే పూచీ. తొలినాళ్లలో నీ చీటీవారందఱును గుటుంబములతోఁ గూడి వనభోజనములు చేసి బంతులాడిరి. ధనము హెచ్చినకొలఁది వారొకరి కొకరు దూరపుటూళ్లలోఁ బెద్దయిండ్లు గొనిరి. ఆదివారము పెరటిగడ్డి కోయుటకును, కారు కడుగుటకును జాలినది. కొందఱు చనిపోయిరి, కొందఱు వంతు తీసికొని వాయిదా తప్పిరి. తుదకుఁ దండ్రి యే చీటీలోను లేకపోయెను. పరస్పరవిశ్వాసమువలనఁ బుట్టిన ధనము ఆ విశ్వాసమునే యనావశ్యకము చేసెను. ఈ కొలఁది పుటలు నవలకెల్ల మకుటమని నా యభిప్రాయము. ఆ విశాలమైన పెరటిలోనే హెన్రీ కొడుకు మిట్, తన యేడవ పుట్టినరోజునాఁడు, తోడిబాలు రాటలో మీఁదఁబడఁగా నూపిరాడక మరణించుట కేవలము యాదృచ్ఛికము గాదు.

ఇచట నొక యాక్షేపము గలుగవచ్చును. కొరియావా రందఱు నిట్లు విడివిడిగా నుండలేదు. హడ్సను నదికి నావలియొడ్డున న్యూజెర్సీ రాష్ట్రములోని బెర్గెను జిల్లాయు సంపన్నమైనదే. అందలి ప్యాలిసేడ్స్ పార్కు అను చిన్నపురమున 2010 జనగణన నాఁటికి నివాసులలో సగమునకు మించి కొరియావారే. అక్కడి బ్రాడ్ ఎవెన్యూ వీధిని అంగళ్లమీఁది పలకలు కొరియా లిపిలో నున్నవి. దేవాలయములు కలవు, పిల్లలకు మాతృభాష నేర్పు వారాంతపుబడులు కలవు. 2018 లో నా పురమువారు కొరియా సంతతివానిని నగరాధ్యక్షునిగా నెన్నుకొనిరి. మఱి సంపదయు గ్రామసీమయు సంబంధమును జెఱుచు ననుట యెట్లు పొసఁగును? ఆక్షేపము న్యాయమే. నవలలోఁ జెప్పఁబడినది యొక తరము, ఒక తావు; దానిని జాతియంతటికి నారోపింపరాదు. కాని యీ దృష్టాంతము నా వాదమును జెఱుపక దిద్దుచున్నది. దోషము పరదేశమున లేదు, ధనమున లేదు; పిలుచువారు కరవగుటయందుఁ గలదు. వీధి యున్నచోట నజుమ్మ మరల నొకరి యక్కయు, నొకరి పొరుగుదియు నగును.

గ్రంథకర్త యీ ప్రశ్నను రెండవవైపునుండియుఁ బరీక్షించినాఁడు. హెన్రీ జాన్ క్వాంగు అను నగరసభ్యునియొద్దఁ గొలువుచేరి, యాతని గుట్టు తన యజమానులకుఁ జేరవేయును. క్వాంగు నగరమందలి బీదవలసవారినందఱిని జేర్చి పెద్ద చీటీ నడపుచుండును. ఆ చీటీవారి పేళ్ల పట్టికను వ్రాయుపని హెన్రీకిఁ దగులును. అది చేతులు మాఱి ప్రభుత్వముచేతఁ బడఁగా, ననుమతిపత్రములు లేనివారు పట్టువడుదురు. పెంచినదాని పే రెఱుఁగనివాఁడు వేలకొలఁది యపరిచితుల పేళ్లెఱిఁగెను. ఆ యెఱుక వారికిఁ గీడే చేసెను. పే రెఱుఁగుటయే ప్రేమయను మాట కింతకన్న గట్టి ఖండనము లేదు. కావున నవల భార్యపక్షమును గాదు, భర్తపక్షమును గాదు. సంబంధములేని వరుసయుఁ బొల్లు. సంబంధములేని పేరును బొల్లు. పొల్లగుటయే గాదు, రెండవది యపాయకరము.

దోషములు చెప్పకుండుట విమర్శకధర్మము గాదు. గూఢచారవృత్తాంతము కథ కతికినట్లున్నది గాని కథనుండి పుట్టినట్లు లేదు. ఆ సంస్థవారి సంభాషణములలో వేగము కలదు, ప్రాణము తక్కువ. ఇంతకంటెఁ బెద్దది: అజుమ్మకు గ్రంథకర్తయుఁ బేరు పెట్టలేదు, ఆమె మనస్సులోనికి మనలను గొనిపోలేదు. హెన్రీ చేసిన యుపేక్షనే కవియుఁ జేసెనని యనవచ్చును. హెన్రీ చెప్పు కథయగుటచే నతఁ డెఱుఁగనిది గ్రంథమున నుండరాదని సమాధానము. ఆ సమాధానము చాలును గాని తృప్తినీయదు. పుస్తకము మూసినపిమ్మట నామె పేరేమో తెలియలేదను బాధ చదువరికిని మిగులును. ఆ బాధను మిగుల్చుటయే కవి యుద్దేశమైనచో నది నెఱవేఱినది.

ముగింపు మృదువైనది. క్వాంగు పదవి పోఁగొట్టుకొని స్వదేశమునకుఁ బోవును. హెన్రీ కొలువు విడిచి భార్యకు సహాయుఁడై, యామె పాఠములలో వేషము వేసికొని పిల్లలను నవ్వించును. ఆ పిల్లలు పలుదేశములనుండి వచ్చినవారు. పాఠము ముగిసిన తరువాత లీలియా యొక్కొక్క పిల్లనిఁ బిలిచి వీడ్కొలుపును. తనకు రాని భాషల పేళ్లను, ఒక్క యక్షరమైనఁ దప్పకుండ, యథాశక్తి నుచ్చరించును. కథకుఁడు ప్రక్కనిలిచి వినును. నాఁ డజుమ్మ పేరడిగి కోపించినది యీమెయే. పరుల పేరును సరిగాఁ బలుకుటకై తన నాలుకను శ్రమపెట్టుచున్నది; ఆ శ్రమయందే సంబంధము పుట్టుచున్నది.

శిక్షాశాస్త్రమును జదివిన మనకు వర్ణోచ్చారణము శుద్ధికొఱ కని తెలియును. అది మన్ననకొఱకుఁ గూడ నగునని యీ పరదేశీయకవి చూపినాఁడు. బడులలో హాజరుపట్టీ చదువు పండితులు రేపటినుండి యొక్కొక్క పేరును గొంత నిదానించి చదివిరేని, యీ విమర్శనము వ్యర్థము గాలేదని తలఁతును.