పాత లెక్క, కొత్త యంత్రము

హైదరాబాదు పాతనగరములోని పురానాపూల్ 1578లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, మూసీనదిపై కట్టబడినది. 1908 సెప్టెంబరు 28న ఆ నదికి వచ్చిన వరద వేలాది ప్రాణములను బలిగొన్నది. అంత వరద మరల వచ్చినచో ఈ వంతెన కమానుల వద్ద నీరు ఎంత ఎత్తునకు లేచును? ఇట్టి ప్రశ్నలకు ఇంజనీర్లు కంప్యూటరుపై ప్రవాహ సమీకరణములను సాధించి జవాబు చెప్పుచున్నారు. గత ఉదాహరణముల నుండి నేర్చుకొను కృత్రిమ మేధ నమూనాలు ఇదే పనిని ఎన్నో రెట్లు వేగముగా చేయునని నేడు తరచు వినవచ్చుచున్నది.

ఈ మాటలో నిజమెంత? నిక్ మెక్‌గ్రీవీ, అమ్మార్ హకీమ్ అను శాస్త్రజ్ఞులు 2024లో ‘నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము దీనినే విచారించినది. ప్రవాహ సమీకరణముల సాధనలో పాతపద్ధతిని మించితిమని చెప్పిన 76 వ్యాసములను వారు పరిశీలించగా, 60 వ్యాసములలో పోటీకి నిలిపిన పాతపద్ధతియే బలహీనమైనదని తేలినది. కొందరు పాతపద్ధతిని అవసరమునకు మించిన సూక్ష్మతతో నడిపి, దానికి పట్టు కాలమును పెంచినారు. మరికొందరు వేగమైన పాతపద్ధతి ఉండగా మందమైనదానిని ఎన్నుకొన్నారు. జట్కాబండిని ఓడించిన మోటారు, రైలును కూడ ఓడించితినని చాటుకొనుట వంటిదే ఇది. ఓటమిని చెప్పు వ్యాసములు అచ్చగుట అరుదు గనుక, పాఠకునికి గెలుపే కనిపించును. ఈ లోపమును లెక్కతో చూపుట ఈ వ్యాసము చేసిన మేలు.

అయితే దీని తీర్పును హద్దు దాటి సాగదీయరాదు. సమీకరణములు ముందే తెలిసిన ప్రశ్నలనే ఇది తూచినది. కురిసిన వానలో నేలలో ఇంకినదెంత, చెరువులలో నిలిచినదెంత, నదికి చేరినదెంత అనునది సమీకరణములకు పూర్తిగా లొంగదు. అక్కడ దీర్ఘకాలపు రికార్డుల నుండి నేర్చుకొను ఎల్.ఎస్.టి.ఎం. నమూనాలు 2018 నుండి మంచి ఫలితములనిచ్చినవి.

కాని రికార్డులకును పరిమితి కలదు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైన పిమ్మట మూసీ నడకయే మారినది. ఆ తరువాతి రికార్డులనే చదివిన నమూనా 1908 నాటి వరదను ఎరుగదు. ఎరుగనిదానిని గురించి కూడ తడబాటు లేక జవాబు చెప్పును. కావున కమానుల క్రింది నీటిమట్టమునకు 1871 నాటి సెయింట్ వెనాంట్ సమీకరణములే మొదటి ఆధారము. వేలకొలది వాన పరిస్థితులను త్వరగా పరీక్షింపవలసినచో, ఆ సమీకరణముల ఫలితములతో శిక్షణ పొందిన నమూనాను వాడవచ్చును. ఉదాహరణములు కొద్దివైనచో, జవాబుతోపాటు అందలి సందేహమెంతో కూడ చెప్పగల గాసియన్ పద్ధతి మేలు.

నమూనా క్రొత్తదా, పాతదా అనునది ప్రశ్న కాదు. సమానమైన ఖచ్చితత్వము వద్ద, మేలైన పాతపద్ధతితో దానిని పోల్చిచూచిరా అనునదే అడుగవలసిన ప్రశ్న. నది ఒడ్డున నివసించువారి ప్రాణములు ఆ జవాబుపై ఆధారపడియున్నవి.