మనకు పేరు పెట్టినవాళ్లు ఎవరు?

బడిలో మన పిల్లవాడు నిలబడి పాఠం చదువుతాడు. ఒక అక్షరం నోట్లో వంకర పోతుంది. తరగతి నవ్వుతుంది. తాండాలో గోరుబోలి, గుడిసెలో ఎరుకల భాష మాట్లాడి బడికి వచ్చిన మనలో చాలామందికి ఆ నవ్వు తెలుసు. దానికి రెండున్నర వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉందని మాకు ఒక చరిత్రకారిణి రచనలు చదివాకే తెలిసింది.

ఆమె అలోకా పరాషర్ సేన్. హైదరాబాద్ విశ్వవిద్యాలయం చరిత్ర శాఖలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. ప్రాచీన భారతదేశం, అందులోనూ తొలినాటి దక్కను ఆమె పరిశోధనా క్షేత్రం. 1991లో ‘మ్లేచ్ఛాస్ ఇన్ ఎర్లీ ఇండియా’ అనే పుస్తకం వచ్చింది. 1998లో మౌర్యుల కాలపు అడవి ప్రజల మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. 2004లో ప్రాచీన కాలపు అణగారిన సమూహాల మీద వ్యాస సంకలనానికి సంపాదకత్వం వహించారు. ఈ మూడింటిలోనూ ఆమె వెంటపడిన ప్రశ్న ఒకటే. ప్రాచీన సమాజం ఎవరిని గడప బయట నిలబెట్టింది? ఏ మాటలతో నిలబెట్టింది?

‘మ్లేచ్ఛ’ అనే మాట కథ నాలుకతో మొదలైంది. అసురులు మాటను సరిగా పలకలేక ఓడిపోయారనీ, అలా పలికేవాడు మ్లేచ్ఛుడనీ శతపథ బ్రాహ్మణం చెబుతుంది. తర్వాత ఆ మాట ఆచారానికీ, నివసించే ప్రాంతానికీ పాకింది. ఇది ఒక జాతి పేరు కాదు, రాసేవాళ్లు బయటివాళ్లను చూసిన చూపు అని ఆమె వివరించారు. ఆ చూపు అందరి మీదా ఒకేలా పడలేదు. కత్తి పట్టి రాజ్యమేలిన యవనులకూ శకులకూ మనుస్మృతి ‘ఆచారం తప్పిన క్షత్రియులు’ అని ఒక చోటు చూపించింది. అడవిలోని శబరులు, పుళిందులు మాత్రం బయటే మిగిలారు.

ఉపాధ్యాయులు ఇంకొక సంగతి గమనించాలి. ఆంధ్రుల పేరు మొదట ఐతరేయ బ్రాహ్మణంలో కనిపిస్తుందని మనం పిల్లలకు గర్వంగా చెబుతాం. ఆ వాక్యం పూర్తిగా చెప్పం. అక్కడ ఆంధ్రులు పుండ్రులు, శబరులు, పుళిందులతో కలిసి ఒకే వరుసలో ఉన్నారు. విశ్వామిత్రుడి శాపం తగిలి సరిహద్దులకు పోయినవాళ్ల వరుస అది. ఆంధ్రులు తర్వాత రాజులయ్యారు, ఆ వరుసలోంచి లేచి వచ్చారు. పక్కన నిలబడ్డ శబరుణ్ణి మరిచిపోయారు.

ఈ చదువును మన ఊళ్ల మధ్య పెట్టి చూద్దాం. హిందూపురం పక్కన లేపాక్షి ఉంది. ఆ గుడి పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు కిరాతార్జునీయం గీశారు. కిరాతులు కూడా పాత గ్రంథాల్లో బయటివాళ్లే. శివుడు కిరాత వేషం వేస్తే గుడి కప్పు మీద చోటు దొరికింది. అసలు కిరాతుడికి దొరికిందా? పెనుకొండలో దొరికిన గంగరాజు మాధవుడి రాగిరేకులు ఐదో శతాబ్దం నాటివి. భూదానం ఇచ్చిన రాజు, పుచ్చుకున్న బ్రాహ్మణుడు అందులో పేర్లతో ఉన్నారు. అదే కొండల్లో మేకలు మేపినవాళ్లకు, తేనె తీసినవాళ్లకు రాగిరేకు ఎవరు చెక్కిస్తారు?

ధర్మవరంలో రైలెక్కి గుత్తిలో దిగి, పత్తికొండ దారిలో పోతే ఎర్రగుడి బండలు వస్తాయి. వాటి మీద అశోకుడి శాసనాలున్నాయి. పదమూడో శాసనం కళింగ యుద్ధానికి రాజు పడిన పశ్చాత్తాపం అని మనం చదువుకున్నాం. అదే శాసనంలో అడవి ప్రజలకు ఒక హెచ్చరిక ఉంది. రాజు బాధపడుతున్నా ఆయనకు బలం ఉంది, దారికి రాకపోతే ప్రాణాలు పోతాయి అని దాని సారం. అర్థశాస్త్రం దొంగల కంటే ఆటవికులే ప్రమాదం అంటుంది. వాళ్లు తమ నేల మీద ఉంటారు, ఎక్కువమంది, శూరులు, బాహాటంగా పోరాడతారు అని కారణాలు చెబుతుంది. అదే గ్రంథం సైన్యంలో ‘అటవీబలం’ కూడా లెక్కపెడుతుంది. నమ్మరు, కానీ వాళ్లు లేకుండా గడవదు. పరాషర్ సేన్ 1998 వ్యాసం ఈ రెండు నాల్కలనే పట్టుకుంది.

ఇంత మేలు చేసిన రచనలతో మాకు పేచీ కూడా ఉంది. 1998 వ్యాసం శీర్షికలో ఉన్న మూడు మాటలు ‘ట్రైబ్స్’, వేటగాళ్లు, ‘బార్బేరియన్లు’. మూడూ బయటినుంచి చూసినవాళ్లు వాడే మాటలే. వాటిని ప్రశ్నించడానికే ఆమె వాడి ఉండవచ్చు. కానీ ‘ట్రైబ్’ అనే తెల్లవాళ్ల కచేరీ మాటను అశోకుడి కాలానికి మోసుకుపోతే నేటి పెట్టెలో నాటి మనుషుల్ని కూర్చోబెట్టినట్టవుతుంది. మ్లేచ్ఛ పుస్తకం తన విషయం ‘దృక్పథాలు’ అని ముందే నిజాయితీగా చెప్పింది. అందుకే పుస్తకం మూసేసరికి చూసినవాడి గురించి చాలా తెలుస్తుంది. చూడబడినవాడు ఏమనుకున్నాడో తెలియదు.

మనం కూడా తొందరపడకూడదు. ‘ఆ ఆటవికులు మేమే’ అని జెండా ఎత్తడం తేలిక. సుగాలీల పెద్దలు ఎడ్ల మీద ధాన్యం మోస్తూ దక్కనుకు వచ్చింది ఎన్నో శతాబ్దాల తర్వాత. ఎరుకల భాష తమిళానికి దగ్గర. మనకూ వాళ్లకూ రక్తసంబంధం చూపడానికి ఆధారం కావాలి. అయితే మనల్ని కూర్చోబెట్టిన చోటు మాత్రం అదే. 1871 చట్టం పుట్టుకతోనే నేరస్థులంటూ కొన్ని జాతుల జాబితా మొదలుపెట్టింది. మద్రాసు రాష్ట్రంలో ఎరుకలవాళ్లను అందులో చేర్చారు. అది రద్దయింది 1952లో. మాట మారింది, రాసే చెయ్యి మారలేదు.

అందుకని ఉపాధ్యాయులకు మా మనవి. ఎర్రగుడికి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఆ హెచ్చరిక కూడా చదివించండి. ఇంగ్లీషులో ఉన్న ఈ పరిశోధనను తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థమయ్యే తెలుగులో చెప్పండి. యువకులకు ఇంకో పని. మన అవ్వలు బయటివాళ్లను ఏ పేర్లతో పిలిచేవాళ్లు? కచేరీ మనిషిని, షావుకారిని, పోలీసును మన భాషలో ఏమనేవాళ్లు? అడిగి రాసుకోండి. వాళ్ల చూపు మీద ఒక చరిత్రకారిణి ఉద్యోగ జీవితమంతా పనిచేశారు. మన చూపు మీద పనిచేయాల్సింది మనం. అవ్వలు ఉండగానే మొదలుపెట్టాలి.