ఉమ్మడి వేగం

మార్కాపురం పలకల గనుల్లో రాయి కాలుతున్నా, కూలీ జేబులోని ఫోన్ సాయంత్రందాకా పలుకుతుంది. అందులో కొంత పుణ్యం ఆండ్రాయిడ్ అడుగునున్న లినక్స్ కెర్నెల్‌ది. ఎనిమిది కోర్ల ఫోన్లలో చాలావాటికి కోర్లు గుంపులుగా ఉంటాయి, గుంపుకంతా ఒకటే క్లాక్. గుంపులో మొదటి కోర్ నమోదు కాగానే కెర్నెల్ 'పాలసీ' అనే ఉమ్మడి ఖాతా తెరుస్తుంది. ఆ క్లాక్‌ను పంచుకునే కోర్లేవో, ఏయే వేగాలకు వీలుందో చెప్పే పట్టిక ఏదో డ్రైవర్ చేత అందులో రాయిస్తుంది. తర్వాత వచ్చే కోర్లకు వేరే ఖాతా ఉండదు, అందులోనే చేరతాయి. ఫోన్ వెలగగానే కెర్నెల్‌ను లేపే బూట్‌లోడర్ వదిలివెళ్లిన వేగం ఆ పట్టికలో లేకపోతే, డ్రైవర్ కోరినచోట ముందు దాన్ని పట్టికలోని వేగానికి మార్చి, ఆ తర్వాతే పనిని బట్టి వేగం ఎంచే గవర్నర్‌కు పెత్తనం అప్పజెబుతుంది. నాకు బాగా నచ్చిన జాగ్రత్త ఇదే! పని తగ్గితే వేగం, దాంతోపాటు వోల్టేజీ దిగుతాయి. విద్యుత్ ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కాస్త దిగినా ఆదా ఎక్కువే, వేడీ తక్కువే. ఒక్క కోర్‌కే పని పడ్డా గుంపంతా దానికి కావలసిన వేగానికి ఎక్కాల్సిందే, అదొక్కటే లోటు. నాలుగేసి కోర్ల రెండు గుంపులున్న ఫోన్‌లో ఈ ఖాతాల పేర్లు పాలసీ0, పాలసీ4: ఆ అంకె గుంపులోని మొదటి కోర్‌ది.