మీసం చాటు మౌనం

ఆర్‌.కె. లక్ష్మణ్‌ గీసిన కామన్‌ మ్యాన్‌ కార్టూన్లలో ఒక్క మాటా మాట్లాడడు. 1951లో టైమ్స్‌ ఆఫ్‌ ఇండియాలో ఆ కార్టూన్ల శీర్షిక ‘యూ సెడ్‌ ఇట్‌’ మొదలైంది. అప్పటి నుంచి దశాబ్దాల పాటు మంత్రుల వాగ్దానాలు, ఆఫీసుల్లో గుమాస్తాల సణుగుళ్ళు, ఇంట్లో ఆవిడ రుసరుసలు అన్నీ వింటూ నిలబడ్డాడు. అయినా ఆయన్ను పిరికివాడనో, మొద్దనో పాఠకులు అనుకోలేదు. ఎందుకనుకోలేదో తెలియాలంటే ఆ మీసాన్ని దగ్గరగా చూడాలి. తెల్లగా, గుబురుగా పెదవుల మీదికి వాలిన మీసం అది. నోరు దాని చాటున పడిపోయింది. నోరే కనపడని మనిషి నుంచి మనం మాట కోసం ఎదురుచూడం. మన చూపు తనంతట తానే పైకి పోతుంది. అక్కడ ఉబ్బెత్తు ముక్కు, దాని మీద కళ్ళజోడు, ఆ పైన ఎప్పుడూ ఎగిసే ఉండే కనుబొమలు. విస్తుపోవడం, అనుమానపడడం, లోలోపల నవ్వుకోవడం, అన్నీ ఆ కాస్త చోటులోనే జరుగుతాయి. ఈ మనిషి మాట్లాడలేక ఊరుకోలేదు, అంతా చూస్తున్నాడు కాబట్టి ఊరుకున్నాడు అని మనకు నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం కుదిర్చింది వ్యాఖ్య కాదు, గీత.

ఈ రూపం ఒక్కరోజులో రాలేదు. 1921లో మైసూరులో పుట్టి, అన్న ఆర్‌.కె. నారాయణ్‌ కథలకు బొమ్మలు వేస్తూ చేయి తిరిగిన లక్ష్మణ్‌, మొదట్లో కార్టూన్లలో దేశం మొత్తాన్నీ నింపాలని చూశారు. బెంగాలీ, తమిళుడు, పంజాబీ, ఇలా ఎవరి వేషంలో వారిని గుంపుగా నిలబెట్టేవారు. రోజూ గడువులోగా బొమ్మ అందించాల్సిన పత్రికలో అంతమందిని గీసే తీరిక ఎక్కడిది? గుంపు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్కడు మిగిలాడు. నా దృష్టిలో లక్ష్మణ్‌ అసలు ప్రతిభ ఆ మిగిల్చిన తీరులోనే ఉంది. ఆ ఒక్కడి నుదుట నామం లేదు, విభూతి లేదు. తలపాగా లేదు. ఏ రాష్ట్రంవాడో, ఏ కులంవాడో, ఏ ఉద్యోగం చేస్తాడో పట్టించే గుర్తు వెతికినా దొరకదు. ఒంటి మీద గళ్ళకోటు, కింద పంచె. మన ఊళ్ళల్లోనూ పాతతరం బడిపంతుళ్ళు, ప్లీడరు గుమాస్తాలు పంచె మీద కోటు తొడుక్కునే వీధిలోకి వచ్చేవారు. అందుకే తెలుగు పాఠకుడికి ఆయన మైసూరువాడిగానో బొంబాయివాడిగానో అనిపించడు. పొరుగింటి పెద్దాయనలా అనిపిస్తాడు.

ఆ గళ్ళ సంగతి ఇంకాస్త చెప్పాలి. ‘యూ సెడ్‌ ఇట్‌’ ఒక్క కాలమ్‌ వెడల్పున్న చిన్న బొమ్మ. అచ్చయ్యేది న్యూస్‌ప్రింట్‌ మీద. అంత ఇరుకులో నాయకులు, అధికారులు, ఫైళ్ళు, కుర్చీలు అన్నీ కిక్కిరిసి ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా నిలువుగా నాలుగు గీతలు పడ్డ కోటు ఎక్కడున్నా ఇట్టే కన్ను పట్టేస్తుంది. మాట్లాడేవాడు ముందు నిలబడతాడు. కామన్‌ మ్యాన్‌ ఏ మూలనో, ఏ తలుపు పక్కనో ఉంటాడు. అయినా మనం మొదట వెతికేది ఆయన్నే. ఒకసారి ఆయన కనపడ్డాక ఆ సన్నివేశం మొత్తం ఆయన కళ్ళతోనే చూస్తాం. బొమ్మలో అందరికన్నా వెనక నిలబెట్టిన మనిషికి అంత బలం ఇవ్వడం మామూలు చేతికి సాధ్యమయ్యే పని కాదు.

వయసు ఎంపిక కూడా అంతే ఆలోచనతో చేసింది. బట్టతల, చెవుల వెనక రేగిన నాలుగు తెల్ల వెంట్రుకలు. మంత్రిగారి గదిలోకైనా, సభావేదిక మీదికైనా ఆ పెద్దాయన వస్తే పొమ్మనేవాడుండడు. అదే చోట కుర్రవాణ్ణి నిలబెట్టి అదే చూపు చూపిస్తే తిరుగుబాటుదారు అవుతాడు. చిరుగు బట్టలతో నిలబెడితే జాలి పుడుతుంది, జాలి పుట్టిన చోట నవ్వు నిలవదు. చంద్రుడి మీదికి పంపడానికి తగిన మనిషి దొరికాడని శాస్త్రవేత్తలు ఈయన్నే చూపించే కార్టూన్‌ ప్రసిద్ధం. నీరు, తిండి, వెలుతురు, నీడ ఏవీ లేకుండా బతకగలగడం ఆయన అర్హత! అక్కడ ఎముకల గూడును గీసి ఉంటే అది విన్నపమయ్యేది. కోటు వేసుకుని మర్యాదగా నిలబడ్డ మనిషి కాబట్టే మనం ముందు నవ్వుతాం, ఆ వెంటనే గుండె చివుక్కుమంటుంది.

నాయకుల బొమ్మల దగ్గర లక్ష్మణ్‌ పద్ధతే వేరు. టోపీ తీసేసి నెహ్రూ బట్టతలను బయటపెట్టారు. ఇందిర ముక్కును సాగదీశారు. రథయాత్ర తర్వాత అద్వానీ తలమీద కిరీటం పెట్టారు. వాళ్ళ రూపం మీద ఆయన తీర్పు ఉంటుంది, కాలంతో పాటు మారుతుంది. కామన్‌ మ్యాన్‌ మాత్రం మారడు. ప్రభుత్వాలు మారినా అదే కోటు, అదే వయసు. ఆ రూపం జనంలో ఎంత స్థిరపడిందంటే, తక్కువ ధర టికెట్లతో వచ్చిన విమాన సంస్థ ఎయిర్‌ డెక్కన్‌ ఆయన్నే తన గుర్తుగా పెట్టుకుంది. 2001లో పుణెలో సింబయాసిస్‌ విద్యాసంస్థ ప్రాంగణంలో కంచు విగ్రహమై నిలిచాడు. పేరే లేని మనిషి విగ్రహాన్ని చూసి ఎవరిదని అడగాల్సిన పని లేకపోయింది.

లక్ష్మణ్‌ 2015 జనవరి 26న కన్నుమూశారు. ఆయన కార్టూన్ల సంపుటాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఒకటి చేతికొస్తే, కింది వ్యాఖ్యను అరచేత్తో మూసి, ముందు ఆ గళ్ళకోటాయన ముఖం ఒక్కటీ చూడండి. ఎదురుగా ఎవరో గొప్పలు పోతున్నారని చదవకుండానే తెలిసిపోతుంది.