పద సూచన సౌకర్యం - తెలుగు వర్ణక్రమం, పదరూపం

మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టగానే మిగిలిన పదాన్ని పూరించి చూపే సౌకర్యాన్ని టైపు శ్రమను తగ్గించే సాధనంగా మాత్రమే భావించడం పరిపాటి. తెలుగులో ఇది వేగాన్ని పెంచడంతో ఆగదు, వర్ణక్రమాన్ని కూడా నిర్ణయిస్తుంది. కాబట్టి భాషాశాస్త్ర దృష్టితో దీనిని పరిశీలించవలసి ఉంది.

రోమన్ అక్షరాలతో కొడితే తెలుగులోకి మారే పద్ధతిని తీసుకుంటే, కె, ఎ, ఎల్, ఎ అనే నాలుగు మీటలు ‘కల’కూ ‘కళ’కూ ఒకటే. పి, ఎ, టి, ఎ కొడితే పాట కావచ్చు, పాత కావచ్చు. వీటిలో ఏది ముందు కనబడాలన్నది ఆ పదం ఎంత తరచుగా వాడుకలో ఉందన్న లెక్కను, పక్క పదాలతో దాని పొందికను బట్టి తేలుతుంది. ఒత్తక్షరాల దగ్గర తడబడే విద్యార్థికి ఇది నిజంగా ఉపకారమే. అయితే వాడుక లెక్క సాధుత్వానికి ప్రమాణం కాదు. సగమని చెప్పే ‘అర్ధం’ వేరు, భావమని చెప్పే ‘అర్థం’ వేరు. రెండవ దాని చోట మొదటిది రాయడం అచ్చులోనే విరివిగా కనిపిస్తుంది. అటువంటి పాఠ్యాల నుంచి నేర్చుకున్న యంత్రం ఆ దోషాన్నే ముందుకు తెస్తుంది. దానిని అందుకున్నవారు మళ్ళీ అదే రాస్తారు, లెక్క మరింత పెరుగుతుంది. ‘ప్రథమ’ను ‘ప్రధమ’గా రాయడమూ ఈ కోవలోదే. సహాయం చేస్తున్న సాధనమే దోషాన్ని స్థిరపరచడం ఇక్కడి అసలు సమస్య.

పదనిర్మాణం మరొక చిక్కు. ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంట్లోంచి, ఇంట్లోవాళ్ళకైనా - ఒక్క నామానికే ఇన్ని రూపాలు. క్రియల సంగతి చెప్పనక్కరలేదు. పూర్తి పదాల పట్టికను నమ్ముకున్న సూచన పదం చివరికి వచ్చేసరికి చతికిలబడుతుంది. ప్రాతిపదికను, ప్రత్యయాన్ని విడివిడిగా అందించే పద్ధతే తెలుగు స్వభావానికి తగినది.

ప్రామాణికేతర రూపాల పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. పత్రికల నుంచి, పాఠ్యపుస్తకాల నుంచి పోగుచేసిన పదజాలంలో ‘వస్తున్నాడు’ పుష్కలం. తెలంగాణ పలుకుబడిలోని ‘వస్తుండు’ అరుదు. అరుదైనది వరుసలో వెనుకబడుతుంది, లేదా తప్పుగా భావించి యంత్రమే దిద్దుతుంది. కథలోని పాత్ర మాటను రచయిత ప్రతిసారీ యంత్రంతో పోరాడి నిలుపుకోవలసి వస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి నిర్వహణలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను వాడేవారి నోటినుంచే సేకరించింది. 1971 నాటి సంపుటం చేనేతకు సంబంధించినది. ప్రాంతభేదాలతో సహా సిద్ధంగా ఉన్న ఆ పదసంపదను సూచన పట్టికల్లో చేర్చే పని విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు కంప్యూటర్ శాఖలతో కలిసి చేపట్టదగినది.