ఏకగ్రీవ సాక్ష్యమును నమ్మవచ్చునా?

ఆస్ట్రేలియాలోని అడిలైడు విశ్వవిద్యాలయమునకు చెందిన లాక్లన్ గన్, డెరెక్ ఎబట్, మరి నలుగురు శాస్త్రజ్ఞులు కలిసి 2016లో రాయల్ సొసైటీ వారి పత్రికలో ఒక వ్యాసమును ప్రకటించిరి. నిందితుని గుర్తుపట్టవచ్చిన సాక్షులందరును ఒక్కటే మాట చెప్పినచో, సంఖ్య పెరిగినకొలది ఆ మాటపై నమ్మకము తరుగవలెనని వారి వాదము. న్యాయసభలోని వారందరును ఏకగ్రీవముగా దోషి యన్నచో ముద్దాయిని విడిచిపెట్టవలెనను ప్రాచీన యూదుల నియమమును వారు ఉదాహరించిరి. వాదము వింతగా తోచును గాని అందులో గణితదోషము లేదు. దానిని ఎంతవరకు తీసికొని పోవచ్చునన్నదే ప్రశ్న.

వారి లెక్కను తరగతి గదికి తగినట్లు సులభము చేసి చూతము. వరుసగా నిలబెట్టిన మనుష్యులలో దొంగను సరిగా గుర్తింపగల సాక్షులు నూటికి ఏబదిమంది అనుకొందము. నిందితుడు నిజముగా దొంగయే అయినను, ఒకరితో నొకరు మాటలాడని పదిమంది సాక్షులును అతనినే చూపు సంభావ్యత 1/1024 మాత్రమే. ఇక ఆ వరుసను నిలబెట్టుటలోనే లోపముండుట, అనగా నిందితుడొక్కడే గడ్డముతో నుండుట వంటిది, నూటికొక పర్యాయము జరుగుననుకొందము. అప్పుడు పదిమందియు తప్పక అతనినే చూపుదురు. 1/100 అనునది 1/1024 కంటె పదిరెట్లకు పైగా పెద్దది. కనుక పదికి పది వచ్చినపుడు వరుసనే అనుమానింపవలెను. ప్రయోగశాలలో పదిమంది విద్యార్థులును లోలకపు ఆవర్తన కాలమును చివరి దశాంశము వరకు ఒక్కటే అంకెగా వ్రాసి తెచ్చినపుడు ఉపాధ్యాయుడు పడు అనుమానము ఇదియే గదా!

ఈ వాదమునకు నేను పెట్టదలచిన పరీక్ష మానవుని క్రోమోసోముల సంఖ్య. 1923లో అమెరికా జీవశాస్త్రజ్ఞుడు థియోఫిలస్ పెయింటరు ఆ సంఖ్య 48 అని ప్రకటించెను. అంతకు రెండేండ్లు ముందు ఆయనయే 46, 48లలో ఏది నిజమో తేల్చుకొనలేకపోయెను. ఆనాడు కణజాలమును పలుచని పొరలుగా కోసి చూచెడివారు. క్రోమోసోములు ఒకదానిపై నొకటి పడి చిక్కుపడి యుండెడివి. అయినను ఇతరులును 48 అనియే లెక్కించిరి, పాఠ్యగ్రంథములు మూడు దశాబ్దములు అట్లే బోధించినవి. 1955 డిసెంబరులో స్వీడనులోని లుండ్ నగరమున జో హిన్ త్జియో, ఆల్బర్ట్ లెవానులు కణములను పలుచని లవణద్రావణములో ఉబ్బించి, అణచి పరచి చూడగా 46 మాత్రమే విడివిడిగా కనిపించినవి. 1956లో వారు దానిని ప్రకటించిరి. అదే సంవత్సరము ఇంగ్లండులో ఫోర్డు, హామర్టనులు దానిని ధ్రువపరచిరి.

త్జియో, లెవానుల వ్యాసములో అందరును చదువదగిన మాట ఒకటి కలదు. అంతకు పూర్వమే లుండ్ లో మరికొందరు పరిశోధకులు పిండముల కాలేయ కణములలో 46నే పలుమార్లు లెక్కించిరట. కాని 48 పూర్తిగా కనబడకపోవుటచే ఆ పనిని నిలిపివేసిరట!

గన్ ప్రభృతుల నమూనా ఇచ్చట చాలదు. వారి లెక్కలో లోపము ఉన్నది, లేదు అను రెండే స్థితులు. సాక్షులు ఒకరి మాట ఒకరు వినరు. 48 కథలో సాక్షులు ముందే విన్నారు. వేరుగా చూచినవారు న్యాయస్థానమునకే రాలేదు. రాని సాక్షిని ఏ సూత్రము లెక్కించును? వ్యాసకర్తలు పట్టుకొన్న లోపము నిజమైనదే. శాస్త్రములో తరచు కీడు చేయునది మాత్రము ఈ రెండవదని నా అభిప్రాయము.

వ్యాసమును తొందరపడి చదివినవారు, శాస్త్రజ్ఞులందరును ఒప్పుకొన్నదెల్ల అనుమానాస్పదమే యనుకొను ప్రమాదము కూడ కలదు. అది వ్యాసకర్తల మాట కాదు. పొరపాటుకు తావులేని చోట ఏకాభిప్రాయము సహజము. సాలీడు కాళ్లను వేయిమంది లెక్కించినను ఎనిమిదే. అంతకంటె ముఖ్యమైనది, వారు తగినంత చర్చింపనిది, వేరువేరు మార్గములలో వచ్చిన అంగీకారము. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాఁ పెరాఁ 1913లో ప్రకటించిన గ్రంథములో అవొగాడ్రో సంఖ్యను బ్రౌనియన్ చలనము, ఆకాశపు నీలిమ, రేడియో ధార్మికత మొదలైన అనేక విధముల లెక్కగట్టి పట్టికగా చూపెను. ఒక పద్ధతిలోని లోపము మరియొకదానికి అంటదు. ఆ విలువలు ఇంచుమించు 6×10²³ నుండి 7.5×10²³ వరకు చెదరియున్నవి. అవి అన్నియు చివరి అంకె వరకు ఒక్కటిగా నుండినచో, గన్ గారి లెక్క ప్రకారము మనము పెరాఁ పట్టికను సందేహింపవలసి యుండెడిది.